నాన్న జేబులో బిళ్ళలు

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికీ కడుపులు చెడ్డాయి. వీధిలో నీళ్ళగొట్టం కోసం తవ్విన గుంత పూడ్చకముందే వానలు పట్టుకున్నాయి. గొట్టం ఎక్కడ పగిలిందో, మురుగు ఎక్కడ కలిసిందో తెలియదు గానీ, కొళాయి తిప్పితే ముందు వాసన వచ్చేది, తర్వాత నీళ్ళు వచ్చేవి. అమ్మ పెద్ద గిన్నెతో నీళ్ళు కాచి చల్లార్చడం మొదలుపెట్టాక అమ్మా, నేనూ, నా భార్యా తేరుకున్నాం. నాన్న తేరుకోలేదు. కాచిన నీళ్ళు ఆయనకి సయించవు. "చచ్చిన నీళ్ళు" అనేవాడు. ఇంట్లో అమ్మ ఎదురుగా ఒక గుక్క తాగినట్టు నటించి, షాపుకి రాగానే కుండలో నీళ్ళు గ్లాసు మీద గ్లాసు ఎత్తేవాడు.

మాది రెండు కుర్చీల సెలూన్. ముందు అద్దం, వెనక అద్దం, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత చోటు. గుమ్మం పక్క కుర్చీ నాది, లోపలి కుర్చీ నాన్నది. నేను కత్తి పట్టి ఏళ్ళు గడిచినా, నా కుర్చీ ఖాళీగా ఉన్నా సరే, వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చుని పేపరు తిరగేస్తూ నాన్న కోసం కాచుకునేవాళ్ళు. "మావాడు ఖాళీయే కదండీ" అని నాన్నే అంటే, "ఫర్లేదులే, నాకేం తొందర" అనేవాళ్ళు. నేను కడిగిన దువ్వెనలే మళ్ళీ కడిగేవాణ్ణి. ఎటు తిరిగినా అద్దమే, ఎటు చూసినా నేనే.

వాళ్ళని అని లాభం లేదు. నాన్న గడ్డం గీస్తుంటే నేనూ పని ఆపి చూసేవాణ్ణి. ఆయన తన చేతి వంక చూసేవాడు కాదు. అద్దంలో ఎదుటిమనిషి కళ్ళలోకి చూస్తూ కబుర్లు చెప్పేవాడు. కత్తి దాని పని అది చూసుకునేది.

మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. బజారు చివరి ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేయించి, కడుపులో అమీబా ఉందని తేల్చి, బిళ్ళలు రాసిచ్చింది. అన్నం తిన్నాకే వేసుకోవాలి, తగ్గింది కదాని మధ్యలో ఆపకూడదు, ఇచ్చినవి అయిపోయాక ఇక వేసుకోకూడదు, మళ్ళీ వస్తే మళ్ళీ తన దగ్గరికే రావాలి అని చెప్పింది. ఆ రోజుల్లో మందు చుక్క కూడా ముట్టకూడదని గట్టిగా చెప్పింది.

"పుట్టి బుద్ధెరిగి తాగనివాణ్ణి పట్టుకుని తాగొద్దంటుందేంట్రా" అని నాన్న దారి పొడుగునా నవ్వాడు.

బిళ్ళలు పనిచేశాయి. వారం తిరిగేసరికి మనిషి మామూలయ్యాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున, రిటైరైన హెడ్మాస్టరుగారు నాన్న కుర్చీలో కూర్చున్నారు. మా షాపు పుట్టినప్పటి నుంచీ నాన్న చేతి కింద తల వంచిన మనిషి. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. నాన్న మాట మధ్యలో ఆగిపోయింది. కత్తి బల్ల మీద పెట్టేసి, "ఇప్పుడే వస్తానండి" అని బయటికి పరుగెత్తాడు. మా షాపుకి మరుగుదొడ్డి లేదు. బజారు వెనక, చేపల సందు దాటి వెళ్ళాలి. బయట కుండపోత.

నురగ ఆరిపోయింది. నాన్న రాలేదు. ఆ రెండో చెంప నేనే పూర్తి చేశాను.

"మీ నాన్నకి ఒంట్లో బాలేదా?" అన్నారాయన.

"కడుపులో కాస్త..." అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళితే నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వరండాలో తీగ మీద ఆయన ప్యాంటు ఆరేసి ఉంది. నీళ్ళు కారుతున్నాయి. తాను తాగిన గ్లాసు కూడా కడగని మనిషి, ఆ ప్యాంటు తానే ఉతుక్కున్నాడు. అమ్మ ఆ తీగ వంక ఒకసారి చూసి, నా వంక చూసి, అన్నం వడ్డించింది.

మర్నాడు షాపు తెరవకముందు నాన్న ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళాడు. మందుల షాపాయన మా పాత ఖాతాదారు. రోజు విడిచి రోజు గడ్డం గీయించుకుంటాడు. ఆ బిళ్ళల పేరు చెప్పేసరికి, "వీటికి మళ్ళీ డాక్టరు దాకా ఎందుకన్నా, నేను లేనా" అని ఒక బిళ్ళల పలక చేతిలో పెట్టాడట. నాన్న అది చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. ఆ జేబు ఇక ఖాళీ అయింది లేదు.

కడుపు చెడ్డప్పుడు వేసుకోవడం పోయి, చెడకుండా వేసుకోవడం మొదలైంది. పొద్దున టిఫిన్ అయ్యాక ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఆదివారం బల్ల నిండా జనం ఉంటే ఇంకొకటి. కడుపు కిక్కురుమనలేదు. "బిళ్ళంటే ఇదిరా" అని జేబు తట్టుకునేవాడు. నేనూ సరేననుకున్నాను. నిలబడి పనిచేసే మనిషికి నిలబడగలిగితే చాలు కదా.

కొన్నాళ్ళకి అమ్మ వంట మీద వంకలు మొదలయ్యాయి.

"కూరలో ఏం వేశావే? ఇనప్పెనం నాకినట్టుంది."

"నలుగురం తిన్నాం, మీకొక్కరికే ఇనుము తగిలిందా? మీ నాలుక్కే తుప్పు పట్టింది" అనేది అమ్మ.

మంచిమనిషి ముద్ద ముద్దకీ మొహం చిట్లించేవాడు. చిక్కిపోయాడు. వయసు మీద పడిందన్నారు ఇరుగుపొరుగు. వాన ముసురన్నారు. నాన్నేమో అరికాళ్ళు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేవాడు. తిమ్మిర్లా అని అడిగితే, "బతుకంతా నిలబడ్డ కాళ్ళురా, ఆ మాత్రం అలగవా" అనేవాడు.

ఒకరోజు షాపుకి వచ్చేసరికి ఆయన ఎడమకాలు బురదలో ముంచి తీసినట్టుంది.

"చెప్పు ఏదీ, నాన్నా?"

ఆయన కిందికి చూశాడు. కుడికాలికి చెప్పుంది, ఎడమకాలు ఉత్తది. రెండు కాళ్ళూ మార్చి మార్చి చూసుకున్నాడు.

"దారిలో తెగినట్టుంది" అన్నాడు.

తిరిగి వెళ్ళి చూశాను. మలుపులో బురద పట్టేసుకున్న చెప్పు దొరికింది. తెగలేదు. అక్కడి నుంచి షాపు దాకా కంకరరాళ్ళ మీద ఒట్టికాలితో నడిచి, ఆ సంగతి ఆయనకి తెలియలేదు. చెప్పు కడిగి ఆయన ముందు పెట్టాను. తొడుక్కున్నాడు.

ఆ తర్వాత వేళ్ళ వంతు వచ్చింది. దువ్వెన జారిపడేది. చొక్కా బొత్తాలు అమ్మ పెట్టాల్సి వచ్చేది. నన్ను భయపెట్టింది మాత్రం అవేవీ కాదు. నాన్న గడ్డం గీస్తూ కత్తి వంక చూడటం మొదలుపెట్టాడు. కబుర్లు ఆగిపోయాయి. నుదురు ముడేసి, ఊపిరి బిగబట్టి, తన చెయ్యి ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుంటూ గీసేవాడు. నేను నా కుర్చీలో మనిషిని వదిలేసి ఆ చేతినే చూసేవాణ్ణి.

"ఏమయ్యా, నా మీసం సంగతేంటి?" అని ఒకాయన కసిరాడు. చూస్తే ఒకవైపు కురచైపోయింది.

తలుపు వేసుకుని వెళ్ళిపోదామంటే వెళ్ళలేను. వెళితే ఆ కత్తి మీద కన్నేసేవాళ్ళుండరు. ఉందామంటే ఊపిరాడదు. వాన వల్ల తలుపు సగం మూసే ఉండేది. ఆ నాలుగు గోడల మధ్య సబ్బు వాసన, తడి గుడ్డల వాసన, ఆయన మౌనం.

"మామయ్యగారితో మీరే చెప్పాలి" అంది నా భార్య.

"ఏమని చెప్పను? కత్తి కింద పెట్టమనా?"

"ఆసుపత్రికి వెళదాం పదమని చెప్పండి. కత్తి ఊసెత్తమని ఎవరన్నారు?"

చెప్పాను. నాన్న అద్దంలోంచే నా వంక చూశాడు. "ఆసుపత్రికి వెళితే చెయ్యి పోయిందంటారు. అన్నాక ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటార్రా?" అన్నాడు. మధ్యాహ్నం బిళ్ళ తీసి, రెండుసార్లు వేళ్ళ సందున జారవిడిచి, మూడోసారి నోట్లో వేసుకున్నాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక పొద్దున, హెడ్మాస్టరుగారు వచ్చి నాన్న కుర్చీలో కూర్చున్నారు. నా కుర్చీ ఖాళీ. నాన్న ఆయన మెడకి తెల్లగుడ్డ చుట్టాడు. బ్రష్ తిప్పి నురగ పట్టించాడు. కత్తిలో బ్లేడు మార్చి, పదును చూడటానికి బొటనవేలితో తడిమాడు. మొదటి గీత గీశాడో లేదో తెల్లగుడ్డ మీద ఎర్రగా ఒక చుక్క పడింది. పక్కనే ఇంకొకటి.

"తెగినట్టుందోయ్" అన్నారు హెడ్మాస్టరుగారు. నొప్పేమీ లేదు కాబట్టి నెమ్మదిగానే అన్నారు.

"అయ్యో, క్షమించండి, క్షమించండి" అంటూ నాన్న పటికముక్క తీశాడు. వంగి ఆయన చెంప చూశాడు. నురగ తుడిచి గడ్డం కింద చూశాడు. చెవి వెనక చూశాడు. ఎక్కడా గాటు లేదు. నాన్న వంగి వెతుకుతున్నకొద్దీ గుడ్డ మీద చుక్కలు పెరుగుతున్నాయి. ఆయన కంగారుగా ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. హెడ్మాస్టరుగారు తన మొహం తానే తడుముకుంటున్నారు.

"నాన్నా" అన్నాను. "నీ వేలు."

నాన్న చెయ్యెత్తి చూసుకున్నాడు. బొటనవేలు నిలువునా తెగి, రక్తం మణికట్టు దాకా కారింది. అది ఎవరి చెయ్యో, ఎవరో తన చేతికి తగిలించి పోయినట్టు చూశాడు.

నేను గుడ్డపేలిక వేలికి చుట్టి బిగించాను. బిగిస్తున్నంతసేపూ ఆయన మొహంలోకే చూశాను. నొప్పి జాడ లేదు. రెండో చేతిలో కత్తి ఇంకా ఉంది. నేను పట్టుకున్నాను. ఆయన వదిలాడు.

వెళ్ళి బల్ల మీద, కాచుకునేవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాడు.

నేను తెల్లగుడ్డ మార్చి, చేతులు కడుక్కుని, వేరే కత్తికి కొత్త బ్లేడు వేశాను. హెడ్మాస్టరుగారు నాన్న వంక ఒకసారి చూసి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే అమ్మా నేనూ చెరోవైపు నడిచి నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ సూదిమొనతో ఆయన కాళ్ళు, వేళ్ళు గుచ్చి చూసింది. కళ్ళు మూసుకోమని కాలివేలు పైకీ కిందికీ వంచి, ఎటు వంచానని అడిగింది. నాన్న చెప్పినవి సగం తప్పు. చక్కెర జబ్బేమోనని నేను అడిగాను. ఆ పరీక్షా చేయించింది, చక్కెర లేదు. రక్తంలో ఇంకేవో చూసింది, అవీ బాగానే ఉన్నాయి.

"ఏమన్నా మందులు వాడుతున్నారా?" అంది.

"ఏమీ లేవమ్మా" అన్నాడు నాన్న. ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో అది మందు కాదు, చెప్పుల్లాగా, గొడుగులాగా బయటికొచ్చేప్పుడు వెంట ఉండాల్సిన వస్తువు.

"ఆ జేబులో బిళ్ళలు చూపించండి మరి" అంది అమ్మ.

నాన్న పలక తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ తిప్పి చూసింది.

"ఇవి నేనిచ్చినవే కదా. ఎప్పుడో అయిపోయి ఉండాలే?"

"ఆపితే మళ్ళీ వస్తుందేమోనని..."

"ఎప్పటి నుంచి?"

నాన్న అమ్మ వంక చూశాడు. "వానలు మొదలైన కాడి నుంచీ, రోజూ" అంది అమ్మ.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. కేకలేస్తుందనుకున్నాను, వెయ్యలేదు.

"చూడండి, ఇది మంచి మందే. సరైన జబ్బుకి, చెప్పినన్ని రోజులు వాడితే పురుగుని చంపి ఊరుకుంటుంది. నెలల తరబడి మింగితే నరాల మీద పడుతుంది. మీ కాళ్ళ మంట, వేళ్ళ మొద్దుబారడం, నోట్లో ఇనుము రుచి అంతా దీనివల్లే అనుకుంటున్నా. ఇవాళే ఆపెయ్యండి. మీ మలపరీక్ష కూడా వచ్చింది. అందులో ఏ పురుగూ లేదు."

"అంటే చచ్చినట్టేనా?" అన్నాడు నాన్న.

"మొదటి వారంలోనే చచ్చి ఉంటాయి."

"మరి ఆ తర్వాత వేసుకున్నవి?"

"వాటికి లోపల చంపడానికేమీ లేదండీ. కడుపు కాస్త గడబిడ అయిన ప్రతిసారీ అమీబానే కాదు. నీళ్ళు బాగోకపోయినా అవుతుంది, భయానికీ అవుతుంది."

"ఊరికేనా?" అన్నాడు నాన్న. అడిగింది ఆవిడనో, అమ్మనో, నన్నో తెలియదు. "అన్నీ ఊరికేనా?"

చెయ్యి మళ్ళీ వస్తుందా అని నేనే అడిగాను. చాలామందికి మెల్లగా వస్తుందనీ, చేతులు ముందు, కాళ్ళు వెనక అనీ, పూర్తిగా వస్తుందని మాత్రం ఇప్పుడే మాటివ్వలేననీ చెప్పింది. అప్పటిదాకా కత్తి, నిప్పు, వేడినీళ్ళ దగ్గర జాగ్రత్త అంది. నాన్న తన పలక తాను తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

రెండు రోజులకి మందుల షాపాయన గడ్డానికి వచ్చాడు. లోపలి కుర్చీ వెనక నేను నిలబడి ఉంటే ఒక క్షణం తటపటాయించి కూర్చున్నాడు. నేను గుడ్డ చుట్టాను, నురగ పట్టించాను, గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తాను. కత్తి ఆయన గొంతు మీద ఆనింది.

"నాన్న రాలేదేం?" అన్నాడు, పెదాలు కదలకుండా.

"వేళ్ళు మొద్దుబారిపోయాయి. కాళ్ళు కూడా. ఆ బిళ్ళల వల్లే అంది డాక్టరమ్మ."

ఆయన గొంతులో గుటక పడటం కత్తి కింద నాకు తెలిసింది. నేను కత్తి తీశాను.

"నేనివ్వకపోతే పక్క షాపులో కొనేవాడోయ్" అన్నాడు.

"కొనేవాడేమో."

"అడిగితే లేదనలేకపోయాను. అన్నలాంటి మనిషి."

"ఒక్కసారి ఎందుకని అడిగి ఉంటే సరిపోయేది" అన్నాను.

రెండో చెంప కూడా గీశాను, నీళ్ళు కొట్టాను, పటిక రాశాను. ఎప్పుడూ రాసినంత శ్రద్ధగానే రాశాను. వెళ్ళేప్పుడు గుమ్మంలో ఆగి, "వదినగారికి నా మొహం చూపించలేనులే, నువ్వే చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు.

బిళ్ళలు ఆపాక నాన్న ఇల్లు కదలడం మానేశాడు. కాళ్ళకన్నా ఆయన్ని కట్టేసింది ఆ పాత భయమే. కడుపులో చిన్న శబ్దమైనా దొడ్డివైపు చూసేవాడు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఆ గదిలోంచి ఈ గదిలోకి, గోడ పట్టుకుని, పాదం ఎక్కడ పడుతుందో చూసుకుంటూ తిరిగేవాడు. అమ్మ ఇచ్చిన కాచిన నీళ్ళు మారుమాట లేకుండా తాగేవాడు. అది చూసి అమ్మ ఏడ్చింది. "తిట్టినా బాగుండేది" అంది.

షాపుకి రమ్మంటే రాడు. ఊరికే బల్ల మీద కూర్చో, మనుషులతో మాట్లాడు అంటే, "అక్కడ నాకు అవసరమొస్తే?" అనేవాడు. అప్పటికిగాని నాకు తట్టలేదు. మా షాపు గోడకి ఆవలివైపు ఫొటోఫ్రేములు కట్టే ఆయన ఇల్లుంది, ఆ ఇంటి పక్కనే మరుగుదొడ్డి. వెళ్ళి నాన్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. పరువు పోతుందని నాన్న ఎవరికీ చెప్పని సంగతి, రెండు ముక్కల్లో అయిపోయింది.

ఆయన చేతిలో సుత్తి కింద పెట్టి, "పక్క తలుపే కదయ్యా. గొళ్ళెం కూడా ఉండదు. ఇన్నేళ్ళుగా ఆ బజారు వెనక్కి ఎందుకు పరిగెత్తాడు?" అన్నాడు.

మర్నాడు నాన్నని వెంట తీసుకెళ్ళి ఆ తలుపు చూపించాను. తోశాడు, తెరుచుకుంది. లోపలికి తొంగి చూసి, మళ్ళీ దగ్గరగా వేశాడు. ఆ పూట సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నాడు. ఒక్కసారి కూడా అటు వెళ్ళాల్సిన పని పడలేదు.

అప్పటి నుంచీ రోజూ వచ్చేవాడు. మొదట్లో వచ్చినవాళ్ళు ఆయన్ని బల్ల మీద చూసి ఎటు కూర్చోవాలో తెలియక నిలబడేవాళ్ళు. "అబ్బాయి దగ్గర కూర్చోండి, చెయ్యి బాగుంటుంది" అనేవాడు నాన్న. ఆ మాట ఆయన నోట ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్నాను. అలాంటప్పుడు వినాలని మాత్రం అనుకోలేదు. లోపలి కుర్చీ ఇక నాదైంది. గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

చలి మొదలయ్యింది. వీధి గుంత ఎప్పుడో పూడ్చేశారు. నాన్న కాళ్ళ మంట తగ్గింది గానీ, మెట్టు దిగేప్పుడు కిందికి చూడకుండా పాదం వెయ్యడు. ఇప్పటికీ వెయ్యడు. బొటనవేలి గాటు మాని గీతగా మిగిలింది. కబుర్లు తిరిగొచ్చాయి. బల్ల మీది నుంచి అందరితో ఆయనే మాట్లాడేవాడు, నేను గీసుకుంటూ పోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, బల్ల ఖాళీగా ఉన్నప్పుడు, "నాకూ గీసెయ్యరా, మాసిపోయాను" అని లోపలి కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఆయన గడ్డం అంతకుముందెప్పుడూ నేను గీయలేదు. తనది తానే గీసుకునేవాడు, చెయ్యి చెడ్డాక అమ్మ కత్తెరతో కత్తిరించేది. గుడ్డ చుట్టి, నురగ పట్టించి, వీలైనంత నెమ్మదిగా గీశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పడుకున్నాడేమో అనుకున్నాను. తడిగుడ్డతో తుడిచి, "అయింది నాన్నా" అన్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. గుడ్డ కిందినుంచి కుడిచెయ్యి తీసి, నాలుగు వేళ్ళూ చెంప మీద ఆనించి, నెమ్మదిగా దవడ మీదుగా గడ్డం కిందికి దించాడు. అక్కడ ఆగాడు. వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే చోటికి వచ్చాడు.

"ఏంట్రా ఇది" అన్నాడు. "దవడ కింద, ఎడంవైపు. గరుగ్గా తగుల్తోంది. వదిలేశావ్."

వంగి చూశాను. నిజమే. దవడ ఎముక మలుపులో, కంటికి ఆననంత, గింజంత మేర వదిలేశాను.

"అవును నాన్నా" అన్నాను.

"అవునంటూ నిలబడతావేం? గియ్యి" అన్నాడు నాన్న.